మా యింటి బట్టలుతుకు గది

ఇల్లు కట్టుకొనువారు మేస్త్రిని పిలిచి, పూజగది యెచ్చటనో, వంటయిల్లు ఏ మూలనో, పడకగదు లెన్నియో ముందుగా చెప్పుదురు. వాస్తు విచారింతురు. మంచము పట్టునా, బీరువా తలుపు తెరచుకొనునా యని కొలతలు వేయుదురు. కాని యింటిల్లిపాది బట్టలను ప్రతిదినము నెచ్చట ఉతుకవలెను, ఎచ్చట పిండవలెను, ఎచ్చట ఆరవేయవలెను అను ప్రశ్న ఆ కాగితముమీదికి రాదు. ఇల్లంతయు ముగిసిన పిమ్మట మిగిలిన మూలయే ఆ పనికి చోటగును. మా యింట సైతము ఇరువదియేండ్లు అట్లే జరిగినది. ఆ మూల యొక గదిగా మారుటకు మా కొక కష్టము సంభవింపవలసి వచ్చినది. ఆ సంగతిని, ఆ చిన్నగదిని మేము కుదుర్చుకొన్న విధమును సోదరీమణులకు విన్నవింపదలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది తిరుపతి. మా యత్తగారి పుట్టినిల్లు చిత్తూరు సమీపమున నొక పల్లె. ఆ పల్లెయిండ్లలో పెరటివైపున జలదారి యుండెడిది. నాలుగు బండలు పరచి, ఒకవైపునకు వాలుపెట్టి, నీరు పోవుటకు కాలువ తీసిన చోటే జలదారి. స్నానము లచ్చటనే, అంట్లు తోముట యచ్చటనే, చిన్నబట్టలు జాడించుటయు నచ్చటనే. పెద్దబట్టలను రజకులు మూటగట్టుకొని చెరువునకో యేటికో తీసికొనిపోవుచుండిరి. చవుడు కలిపిన నీట ముంచి, బానలపై ఉబ్బవేసి, రేవుబండమీద ఉతికి, ఆరవేసి, మరల నింటింటికి చేర్చుచుండిరి. ఇల్లాలు చాకలిపద్దును గోడమీద బొగ్గుగీతలతో లెక్కచూచుకొనెడిది. ఆ చాకిరి సులువైనది కాదు. దానికి దక్కిన గౌరవమును, ఫలమును మిక్కిలి తక్కువ. తడిబట్టల మూట బరువు మోసినవారి నడుములకే తెలియును. కావున ఆ కాలమే మేలని మేము చెప్పబోము. ఐనను ఆ జలదారిలో నొక తెలివి యున్నది. నీరు ఎచ్చట పడవలెను, ఎటు పోవలెను, ఎచ్చట నిలువరాదు అనునది ముందే యోచించి కట్టిరి. పట్టణమునకు వచ్చి మేము మరచిన దదియే.

మా యింటికి బట్టలుతుకు యంత్రము వచ్చిన దినము పండుగవలె నుండెను. తీరా చూడగా దానిని పెట్టుటకు చోటు లేదు. స్నానాలగది వాకిట నిలిపితిమి. నీరు వచ్చు గొట్టము స్నానాలగది కొళాయినుండి, మురికినీరు పోవు గొట్టము గడపమీదుగా మరల స్నానాలగదిలోనికి, విద్యుత్తు తీగ పడకగదినుండి. యంత్రము తిరుగునంతసేపు స్నానాలగది తలుపు మూయరాదు. లోపల నెవరైన స్నానము చేయుచుండిన యంత్రము తిరుగరాదు. ఉతికిన బట్టలను రెండు బక్కెట్లలో నింపుకొని, ఇరువదిరెండు మెట్లెక్కి, మిద్దెమీది దండెములపై వేయవలెను. యంత్రము ఉతికెడిదే గాని మోసెడిది కాదు గదా!

తిరుపతిలో కాపురమున్నవారికి వేరొక విశేషము కలదు. చుట్టములు కొండకు పోవుచు నొకనాడు, దిగివచ్చుచు నొకనాడు మన యింట దిగుదురు. అది మన భాగ్యమే. బ్రహ్మోత్సవముల దినములలో నొక్క పూటకే పదిమంది తువ్వాళ్లును, పంచెలును, చీరలును కుప్పపడును. కల్యాణకట్టలో తలనీలాలిచ్చి వచ్చిన పిల్లల చొక్కాలనిండ సన్నని వెండ్రుక లుండును. ఒకమారు ఆ చొక్కాలను దులుపకయే యంత్రములో వేసితిమి. వెండ్రుకలు లోపలి జల్లెడను మూసివేసినవి. నీరు బయటికి పోదయ్యెను. జల్లెడ మూతను త్రిప్పి తీయగానే లోపలి నీరంతయు గడప దాటి పడకగదిలోనికి పోయినది. ఆ రాత్రి పరుపులు మిద్దె కెక్కించి, అందరము నవ్వుకొంటిమి. నవ్వితిమి గాని బుద్ధి తెచ్చుకొనలేదు.

2021వ సంవత్సరము నవంబరు నెల వానలను ఈ యూరివా రెవ్వరును మరువలేరు. తిరుపతి వీధులు కాలువలైనవి, స్వర్ణముఖి పొంగినది. ఈ ప్రాంతమునకు ఈశాన్యఋతుపవనముల వాన లెక్కువ గావున, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు బట్టలారుట యెప్పుడును కష్టమే. ఆ యేడు మఱింత కష్టమైనది. వారము దినముల బట్టలు కుర్చీలమీదను, తలుపులమీదను వ్రేలాడుచుండెను. వాన కొంచెము తెరపియిచ్చిన యొక యుదయమున మేము వంటలో నుండగా, మా యత్తగారు తామే బక్కెట యెత్తుకొని మిద్దె యెక్కబోయిరి. పాచిపట్టిన మెట్టుమీద కాలు జారినది. కుడిచేతి మణికట్టు విరిగినది. ఆరువారములు కట్టుతో నుండిరి. అన్నము కలుపుకొనుటకును, జడ వేసికొనుటకును ఒకరి చేయి కావలసివచ్చెను. ఏబదియేండ్లు ఒకరికి పెట్టిన చేయి అది.

కట్టు విప్పిన దినమున, "మెట్లెక్కుట కష్టముగా నున్నదని మీరెన్నడును చెప్పరైతిరే!" యని మేమంటిమి. ఆమె మా మొగము చూచి, "ఇన్నేండ్లలో నన్నెవురన్నా అడిగినారా అమ్మా?" అనిరి. మోకాళ్లు పదియేండ్లనుండి నొచ్చుచున్నవట. ప్రతిదినము వారి వెనుకనే నడచిన మాకు ఆ సంగతి తెలియలేదు. ఆ మాట మా గుండెలో ములుకువలె నాటినది. గది కట్టుకొనవలెనను సంకల్ప మా దినముననే కలిగినది.

ఈమారు మేస్త్రిని ముందుగా పిలువలేదు. మా యింట బట్టలపని చేయువారు ముగ్గురము. మేమును, మా యత్తగారును, వారమునకు నాలుగుదినములు వచ్చి సాయపడు నామెయు. ముగ్గురము కూర్చుండి, ఏ పని యెవరి కెచ్చట నొప్పి కలిగించుచున్నదో చెప్పుకొంటిమి. "నేను కూర్చుండి మడతలు పెట్టేటట్లుండాల" అని అత్తగారనిరి. పనికి వచ్చు నామె, "నిలబడి ఉతికే బండ కావాలక్కా. గొంతుక్కూర్చుంటే మళ్లీ లేవలేక ఉండాను" అనెను. తడిబట్టలతో మెట్లెక్కరాదని మా కోరిక. ముగ్గురిలో నొక్కరును యంత్రమును గూర్చి యడుగలేదు.

1926లో జర్మనీదేశపు ఫ్రాంక్‌ఫర్టు నగరమున మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ యను ఆస్ట్రియాదేశపు గృహశిల్పిని క్రొత్తగా కట్టుచున్న చిన్నయిండ్లకై యొక వంటగదిని రూపొందించినది. పనిచేయు స్త్రీ యెన్ని యడుగులు నడచుచున్నది, ఏ వస్తువునకై యెంత చేయి చాపుచున్నది అను విషయములను లెక్కలోనికి తీసికొని, సుమారు ఆరున్నర చదరపు మీటర్లలో సమస్తమును అమర్చినది. ఆ తీరుననే మేమును సుద్దముక్క పుచ్చుకొని నేలమీద గీతలు గీచి, బక్కెట చేతబట్టి నడచి చూచితిమి. నవ్వులాటగా మొదలైన యీ పని మా కెంతయో సొమ్ము మిగిల్చినది. కాగితముమీద బాగున్న రెండు అమరికలు నేలమీద నడువగానే పనికిరావని తేలినవి.

వంటయింటి వెనుక, ప్రహరీగోడకు లోపల, పాతసామాను పడవేయు చోటొకటి యుండెను. వెడల్పు 5 అడుగులు, పొడవు 7 అడుగులు. అదియే మా గదియైనది. ఏడడుగుల గోడ పొడవునను పని జరుగు వరుసలోనే వస్తువుల నమర్చితిమి. ముందుగా ఉతుకుడు తొట్టి, 2 అడుగులు. పిదప యంత్రము, గొట్టములకు సందుతో గూడ 2¼ అడుగులు. చివర మడతలు పెట్టుటకు కడపబండ, 2¾ అడుగులు. మాసినబట్ట ఒక కొసను లోపలికి వచ్చి, మడతబట్టయై రెండవ కొసను బయటికి పోవును. వెనుకకు తిరిగి నడువనక్కరలేదు. వీనికి వెడల్పున 2¼ అడుగులు పోగా, నిలువబడుటకు 2¾ అడుగులు మిగిలినవి. ఒకరికి చాలును, ఇద్దరైన నొదిగి పనిచేయవచ్చును.

ఎత్తుల విషయమున మేము మొగమాటపడలేదు. మేస్త్రి తనకు వాడుకైన కొలత చెప్పెను. మేము మా మోచేతుల యెత్తు కొలిచి చూపితిమి. మా ముగ్గురిలో నెవరును 5 అడుగుల 2 అంగుళములకు మించరు. కావున తొట్టి యంచును, కడపబండను నేలనుండి 34 అంగుళములకు పెట్టించితిమి. తొట్టి లోతు 10 అంగుళములే. అడుగున పడిన చేతిగుడ్డను తీయుటకు నడుము వంగనక్కరలేదు. తొట్టిలోనే గరుకుబండ నొకదానిని ఏటవాలుగా నమర్చితిమి. కాలర్లును, పంచె యంచులును దానిపై రుద్దుకొనవచ్చును. ముందువైపు తలుపుగల యంత్రమును ఒక యడుగు ఎత్తుగల దిమ్మెపై నిలిపితిమి. దిమ్మెను గుల్లగా కట్టరాదు. బట్టలను పిండునప్పుడు యంత్రము వేగముగా తిరిగి అదరును. గట్టి కాంక్రీటు దిమ్మె, సమమట్టము, నాలుగు కాళ్లును సరిగా నానియుండుట, ఈ మూడును ముఖ్యము. కడపబండక్రింద మా యత్తగారి ముక్కాలిపీట యుండును. ముందుకు లాగుకొని కూర్చుండి, ఒడిలోనే మడతలు పెట్టుకొందురు.

నేలకు జలదారినే గురువుగా నెంచుకొంటిమి. గరుకు టైల్సు పరచి, ఒక మూలకు వాలు పెట్టించి, గడపవద్ద రెండంగుళముల కట్ట వేయించితిమి. ఏ గొట్టము ఊడినను నీరు ఇంటిలోనికి రాదు. మూలనున్న జాలీ చేతితో తీయవచ్చినదై యుండవలెను. దాని క్రింద నీరు నిలుచు వంపుగొట్టము తప్పక యుండవలెను. ఆ నిలిచిన నీరే దుర్వాసనను, బొద్దింకలను పైకి రానీయక అడ్డుకొనును. చాలదినములు గది వాడకున్న ఆ నీరెండిపోవును గావున, ఊరికి పోయివచ్చినప్పుడు ఒక చెంబుడు నీరు పోయవలెను. తలనీలాల బట్టలను తలుపు బయటనే దులుపుట యిప్పుడు మా యింటి శాసనము.

ఇక నీటి మాట. తిరుపతి పురమునకు కల్యాణి ఆనకట్ట నీరును, తెలుగుగంగ నీరును వచ్చును. చాలనిచోట బోరునీరే గతి. మన రాతినేలల బోరునీట సున్నపు లవణములును, మెగ్నీషియపు లవణములును తరచుగా నెక్కువగా నుండును. అట్టి నీట సబ్బు నురుగక, జిడ్డుతెట్టుగా బట్టకు పట్టుకొనును. తెల్లబట్ట నెమ్మదిగా బూడిదరంగు తిరుగును. త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములకు మించకుండుట మేలనియు, వేరే నీరు లేనిచో 600 వరకు నోర్చుకొనవచ్చు ననియు 2012 నాటి భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. ఇంటనే తెలిసికొనుట కొక సులువు కలదు. రెండు సీసాలు తీసికొని, ఒకదానిలో వాననీరును, రెండవదానిలో బోరునీరును సగము పోసి, సమానముగా సబ్బు తురుము వేసి కుదిపి చూడుడు. వాననీట నురుగు నిలుచును, కఠినజలమున తెట్టుకట్టును. నీటిని వేడిచేసి ఉతుకు యంత్రములలో ఈ లవణములే కాయిలుమీద పొరలుగా పేరుకొనును. అందుచే మేము చన్నీటనే యెక్కువగా ఉతుకుదుము. నెల కొకమారు నిమ్మఉప్పు వేసి, బట్టలు లేక యంత్రమును వేడినీటితో త్రిప్పుదుము. నిమ్మఉప్పును గాని, వినిగరును గాని, బ్లీచింగుపొడితో నెన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును.

వాననీటినే పట్టి వాడుకొనరాదా యను తలపు మాకు వచ్చినది. ఒక చదరపు మీటరు కప్పుమీద ఒక మిల్లీమీటరు వాన కురిసిన నొక లీటరు నీరగును. మా గది పైకప్పును, ప్రక్కనున్న రేకును కలిసి సుమారు 9 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన పడిన 450 లీటర్లు దొరకును. మొదటి జల్లులోని దుమ్మునీటిని వదలి, తరువాతి నీటిని మూతగల పీపాలో పట్టుచున్నాము. అక్టోబరునుండి మూడునెలలు మా తెల్లబట్టలు ఆ నీటనే తెల్లబడుచున్నవి. కడపటి జాడింపు నీరు వృథా పోదు. వాకిలి కడుగుటకు వాడుదుము. చిత్తూరుజిల్లా పడమటి మెట్టలలో వేయి యడుగులు త్రవ్వినను బోరునీరు దుర్లభమైన చోట్లున్నవి. అట్టి సీమలో పుట్టిన వారము. నీరు పారుచుండగా చూచి యూరకుండలేము.

యంత్రము కొనుటకు ముందే మిద్దెమీది ట్యాంకు ఎత్తును చూచుకొనవలెను. పది మీటర్ల యెత్తున నున్న నీరు సుమా రొక బారు ఒత్తిడి నిచ్చును. ఒంటిమిద్దె యింట ట్యాంకు మూడు మీటర్ల యెత్తే యుండిన, ఒత్తిడి అందులో మూడవవంతు కన్న తక్కువ. యంత్రమునకు కావలసిన కనీసపు టొత్తిడి దానితో వచ్చు పుస్తకములో వ్రాసియుండును. మా ట్యాంకునకు ఇటుకల దిమ్మె వేసి మఱికొంత యెత్తవలసివచ్చినది. విద్యుత్తునకు 16 ఆంపియర్ల ప్లగ్గును, మంచి ఎర్తును పెట్టించితిమి. 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దారితప్పిన తక్షణమే ఆపివేయు ఆర్.సి.సి.బి. మీటను గూడ పెట్టించితిమి. ప్లగ్గు తొట్టికి దూరముగా, నేలకు నాలుగడుగుల యెత్తున నున్నది. తడిచేతుల చోట పొదుపు పనికిరాదు.

ఆరవేయుటకు గది బయట ఆరడుగుల చోటుపై వెలుతురు దూరు రేకు వేయించి, క్రింద చేయి యందునంత యెత్తున నాలుగు దండెములు కట్టించితిమి. లోపల పైకప్పునకు కప్పీలతో దింపి యెక్కించు కడ్డీ లున్నవి. ఇది క్రొత్త సంగతి కాదు; మడిబట్టలను కర్రతో నెత్తి వేసెడి పాతకాలపు వెదురుదండెమునకు తమ్ముడే. ఎదురెదురు గోడలలో నొక కిటికీయు, నొక గాలిపంకాయు నుండుటచే ముసురుదినములలో సైతము బట్టకు కంపు పట్టదు. శ్రీకాళహస్తి కలంకారీని, వేంకటగిరి చీరలను యంత్రములో వేయము. కరక్కాయ, పటిక, ఇనుపకారు మొదలగువానితో అద్దిన కలంకారీ రంగులకు ఘాటైన పొడియు, మండుటెండయు పడవు. తొట్టిలో చన్నీటను మెల్లగా జాడించి, నీడకడ్డీపై వేయుదుము.

పొరపాట్లు లేకపోలేదు. గది తలుపు మొదట లోపలికి తెరచుకొని యంత్రము తలుపునకు తగులుచుండెను. ఊడదీసి బయటికి త్రిప్పించితిమి. సబ్బుపొడి అలమారు మా యత్తగారి చేతి కందని యెత్తున పెట్టించితిమి. "నన్నడిగే కట్టినారు గదా!" యని ఆమె వేళాకోళము చేసిరి. దానిని ఒకటిన్నర యడుగు దింపించితిమి.

గది కుదిరిన పిమ్మట వేరొక వింత చూచితిమి. ఉతుకుట సులువైన కొలది మాసినబట్టలు పెరిగినవి! ఒకపూట తుడుచుకొన్న తువ్వాలు, ఒక గంట తొడిగిన చొక్కాయు గంపలో చేరసాగెను. గృహయంత్రములు వచ్చియు ఇల్లాలి శ్రమ తగ్గలేదని అమెరికాదేశపు చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో నొక గ్రంథమే వ్రాసినది. మన దేశమున 2019లో జరిగిన కాలవినియోగపు సర్వేలో, ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును ఆ పనికి వెచ్చించుచున్నట్లు తేలినది. గది యెంత చక్కగా కట్టినను, అందులోనికి పోవునది ఒక్కరే యైనచో భారము తీరినట్లు కాదు. కావున మనిషికొక గంప పెట్టితిమి. ఎవరి గంప నిండిన వారే దానిని తెచ్చి, యంత్రములో వేసి, ఆరవేయవలెను. మావారు మొదటిమారు తెల్లపంచెలతో ఎఱ్ఱతువ్వాలును కలిపి వేసి, ఒక నెల గులాబిరంగు పంచెలు కట్టిరి. ఇప్పుడు రంగులు వేరుచేయుట మాకంటె వారికే బాగుగా తెలియును. మా కుమారుడు తన ఆటదుస్తులను తానే ఉతుకుకొనుచున్నాడు.

ఇట్టి గది కందరికిని చోటును, సొమ్మును ఉండకపోవచ్చును. అద్దెయింట నున్నవారు ఒక యెత్తుబల్లపై తొట్టినుంచుకొని నిలువబడి ఉతుకవచ్చును. ఒక దండెమును చేయి యందునట్లు దింపి కట్టుకొనవచ్చును. మెట్లమీది పాచిని గీకింపవచ్చును. మా యత్తగారి మణికట్టునకు గుడ్డపిండు శక్తి మరల రాలేదు. ఐనను సాయంకాలము వెలుతురు కిటికీలోనుండి పడుచుండగా, ముక్కాలిపీటమీద కూర్చుండి, మనుమని చొక్కాలను మోకాలిపై సాపుచేసి మడతపెట్టుచుందురు. ఆ పనిని వారినుండి తీసివేయవలెనని మాకెన్నడును తోచలేదు, వారును వదలుకొనరు. క్రొత్తగా ఇల్లు కట్టబోవు సోదరీమణులు మేస్త్రిని పిలుచుటకు ముందు, తమ యింట బట్టలుతుకు చేతులెవ్వరివో వారిని పిలిచి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఎచ్చట నొచ్చుచున్నదో అడుగుదురు గాక.